అమ్మానాన్నల హెల్త్ పాలసీ కంపెనీ మార్చాలి, ఏడేళ్ల లెక్క పోకుండా ఎలా? (విశాఖపట్నం)

మురళీనగర్ అమ్మాయి
24 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మురళీనగర్. నాన్నకి 64, అమ్మకి 60. ఇద్దరికీ కలిపి 2019 జనవరి 18 నుంచి ఒకే కంపెనీలో ఫ్యామిలీ ఫ్లోటర్ నడుస్తోంది. మొదట 3 లక్షలు తీసుకున్నాం, 2022 రెన్యూవల్‌లో 5 లక్షలు చేశాం. ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు. అమ్మకి షుగర్ 2016 నుంచి ఉంది, ఫారంలో అప్పుడే రాశాం. నాన్నకి బీపీ 2021లో బయటపడింది.

మొన్న ఆగస్టులో నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. మా పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకి 5,000 దాకానే. ఆ ధరలో గదులు ఖాళీ లేవన్నారు, 8,000 గది తీసుకున్నాం. రోజుకి 3,000 తేడా, నాలుగు రోజులకి 12,000 మనం కట్టుకుంటే చాలనుకున్నాను. డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్‌లో కాగితం చేతికిచ్చారు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 96,000 అయితే కంపెనీ ఒప్పుకున్నది 60,000. గది తేడాతో కలిపి 48,000 చేతి నుంచి పెట్టాల్సి వచ్చింది. నాన్న పక్కనే వీల్‌చైర్‌లో కూర్చుని "ఎంతయిందమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను.

అందుకే గది అద్దె పరిమితి లేని పాలసీకి మారాలనుకుంటున్నాం. భయమల్లా అమ్మ మోకాళ్ల గురించే. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఒకట్రెండేళ్లలో మార్పిడి చేయాల్సి రావచ్చన్నారు. కొత్త కంపెనీకి వెళ్తే షుగర్‌కీ మోకాళ్లకీ మళ్లీ మూడేళ్లు ఆగాలా? ఆఫీసులో ఒకరు "మారితే ఏడేళ్లూ పోయినట్టే" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. రెన్యూవల్ జనవరి 18న. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక ఏజెంట్
24 నవంబర్ 2025, రాత్రి 10:15

అమ్మా, ఏమీ పోదు. పాత లెక్కతో సహా కంపెనీ మారడాన్ని పోర్టబిలిటీ అంటారు. 2011 అక్టోబర్ నుంచి మన దేశంలో ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన హక్కు ఇది. పాత కంపెనీలో మీరు గడిపిన వెయిటింగ్ పీరియడ్‌ని, అంటే కొన్ని జబ్బుల క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలాన్ని, కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకుని తీరాలి. ముందు నుంచి ఉన్న జబ్బుల వెయిటింగ్, మోకాలు, కంటిశుక్లం లాంటి ప్రత్యేక జబ్బుల వెయిటింగ్, మారటోరియం కాలం (ఇది దాటాక జబ్బు దాచారని క్లెయిమ్ ఆపలేరు), అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ఆగాలన్న నిబంధన కూడా మీకు ఉండదు.

తేదీలు మాత్రం గుర్తుపెట్టుకోండి. రెన్యూవల్‌కి 60 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందు లోపు కొత్త కంపెనీకి దరఖాస్తు వెళ్లాలి. మీ లెక్కన నవంబర్ 19 నుంచి డిసెంబర్ 4 వరకు. ఈ రోజుకి ఇంకా 55 రోజులుంది, సరైన సమయానికే అడిగారు. డిసెంబర్ 4 దాటితే తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం అయిపోతుంది.

అక్కయ్యపాలెం
24 నవంబర్ 2025, రాత్రి 10:22

ఏజెంట్ గారూ, "ఏమీ పోదు" అని అంత సులువుగా చెప్పకండి. లెక్క పోదు, నిజమే. కానీ కొత్త కంపెనీ అసలు తీసుకోవాలని రూలేమీ లేదు. వయసు, షుగర్, మొన్నటి క్లెయిమ్ చూసి వద్దనవచ్చు, ప్రీమియం పెంచి తీసుకోవచ్చు. మా అత్తయ్యకి స్టెంట్ పడిందని రెండు కంపెనీలు వద్దన్నాయి.

గాజువాక ఏజెంట్
24 నవంబర్ 2025, రాత్రి 10:31

నిజమే, అది ముందే చెప్పాల్సింది. దరఖాస్తు చేసుకునే హక్కు, తీసుకుంటే పాత లెక్క కలిపించుకునే హక్కు మనవి. తీసుకోవడం మానడం వాళ్ల నిర్ణయం. అందుకే పెద్దవాళ్ల విషయంలో ఒక్క కంపెనీనే నమ్ముకోకుండా రెండింటికి ఒకేసారి దరఖాస్తు పెట్టమంటాను.

పెందుర్తి అన్నయ్య
24 నవంబర్ 2025, రాత్రి 11:05

చెల్లెమ్మా, మా ఇంట్లో జరిగింది చెప్తాను, నువ్వు అలా చేయకు.

2023లో ఒకతను ఫోన్ చేసి అమ్మ పాలసీ మారుస్తాను, పాతది కట్టక్కర్లేదు, డబ్బు దండగ అన్నాడు. మేం నమ్మి పాత రెన్యూవల్ వదిలేశాం. కొత్త కంపెనీ టెస్టులన్నీ చేసి, చివరికి వద్దంది. ఆ మాట మాకు తెలిసేసరికి పాత పాలసీ గడువు దాటి నెలా పది రోజులయింది. పాత కంపెనీకి వెళ్తే గ్రేస్ 30 రోజులు అయిపోయింది, కావాలంటే కొత్త పాలసీగా తీసుకోండి అన్నారు. ఆరేళ్లు కట్టింది సున్నా. అమ్మకి మరుసటి ఏడాదే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ పడింది. వెయిటింగ్‌లో ఉందని రూపాయి రాలేదు. పేరున్న కంపెనీయే. తప్పు మాత్రం నాదే అనుకుంటాను, పాతది వదలకుండా ఉండాల్సింది. అమ్మ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

కొత్త పాలసీ చేతికి రాకుండా పాతదాన్ని వదలొద్దు. జనవరి 10 నాటికి రాతలో ఒప్పుకోలు రాకపోతే పాతదే రెన్యూ చేసెయ్యి. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించుకోవచ్చు.

సీతమ్మధార గృహిణి
25 నవంబర్ 2025, ఉదయం 6:50

గ్రేస్ పీరియడ్ అంటే ఆ 30 రోజులూ బీమా ఉన్నట్టే కదా అండీ?

రామ్‌నగర్ డెస్క్
25 నవంబర్ 2025, ఉదయం 7:30

లేదండీ. ఏడాదికోసారి కట్టే పాలసీలో ఆ 30 రోజుల్లోపు కడితే పాత లెక్క, బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి కలిసే అదనపు బీమా మొత్తం) నిలుస్తాయి. మధ్యలో ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. వాయిదాల్లో కట్టేవాళ్లకైతే గ్రేస్ రోజుల్లో కూడా కవర్ ఉంటుంది. నెలనెలా కట్టేవాళ్లకి గ్రేస్ 15 రోజులే.

నేను పదకొండేళ్లు ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేశాను. మురళీనగర్ గారి లెక్క గురించి చెప్పాలి, చాలామందికి ఇది అర్థం కాదు. పరిమితి 5,000, తీసుకున్న గది 8,000. కాబట్టి గదితో ముడిపడిన ఖర్చులన్నిటిలో ఎనిమిదింట అయిదు వంతులే ఇస్తారు. 96,000లో 60,000 అలా వచ్చింది. మందులు, లోపల వేసే మెష్ లాంటి వస్తువులు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు, ఐసీయూ చార్జీల మీద కూడా వేయకూడదు. మీ బిల్లు బయటికి తీసి మెష్ ధర, ల్యాబ్ చార్జీల మీద కోసారేమో చూడండి. కోసి ఉంటే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి, తిరిగి అడిగే హక్కు మీకుంది.

కౌంటర్ దగ్గర నేను రోజూ చూసేదాన్ని. గది ఎంచుకునేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. మంచిగది ఇప్పిద్దామని కొడుకో కూతురో ప్రేమతో తీసుకుంటారు, డిశ్చార్జి రోజు మొహాలు వాడిపోతాయి.

మురళీనగర్ అమ్మాయి
25 నవంబర్ 2025, రాత్రి 8:45

డెస్క్ గారూ, బిల్లు తీశాను. మెష్ మీద కోయలేదు. ల్యాబ్ 7,200 మీద కోశారు! రేపే మెయిల్ పెడతాను. ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, చాలా థాంక్స్ అక్కా.

అన్నయ్యా, మీ అమ్మగారి సంగతి చదివి మనసు పాడైంది. పాతది వదలను.

ఇంకో సందేహం. మాకు 5 లక్షల మీద 1 లక్ష బోనస్ ఉంది. కొత్తది 10 లక్షలకి తీసుకోవాలని ఉంది. అప్పుడు 10 లక్షలకీ పాత లెక్క వర్తిస్తుందా?

గాజువాక ఏజెంట్
25 నవంబర్ 2025, రాత్రి 9:20

వర్తించదమ్మా. పాత బీమా మొత్తం, బోనస్ కలిపి 6 లక్షల వరకే పాత లెక్క. మిగతా 4 లక్షలకి కొత్తగా వెయిటింగ్ మొదలవుతుంది. ముందు నుంచి ఉన్న జబ్బులకి 36 నెలలు దాటకూడదని 2024 ఏప్రిల్ నుంచి రూల్, అంతకుముందు 48 ఉండేది. అంటే వచ్చే ఏడాది అమ్మగారి మోకాళ్ల ఆపరేషన్ అయితే 6 లక్షల లోపు ఇస్తారు, పైన ఉన్న 4 లక్షలు దానికి ఇంకా తెరుచుకోవు.

ఎంవీపీ మాస్టారు
25 నవంబర్ 2025, రాత్రి 9:58

బోనస్ దగ్గర ఒక మెలిక ఉంది. లక్ష బోనస్ కొత్త పాలసీలో ఊరికే వచ్చి చేరుతుందని చాలామంది అనుకుంటారు. నేను మారినప్పుడు ఆ మేరకు బీమా మొత్తం పెంచి ప్రీమియం తీసుకున్నారు. వెయిటింగ్ లెక్క మాత్రం దానికీ వర్తింపజేశారు. కంపెనీని బట్టి ఇది మారుతుంది. మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరూ ఒప్పుకోరు.

మారటోరియం గురించి కూడా చెప్పాలి, నా అనుభవం దాని మీదే. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత "మీరు ఫలానా జబ్బు దాచారు" అని క్లెయిమ్ ఆపే వీలు కంపెనీకి లేదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇది ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో అయిదుకి తగ్గించారు.

నేను 2017 జూన్‌లో పాలసీ తీసుకుని 2021లో వేరే కంపెనీకి మారాను. 2024 డిసెంబర్‌లో గుండె దగ్గర పట్టేసినట్టై ఆసుపత్రిలో చేరాను. ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు అడుగుతుంటే మా ఆవిడ కంగారులో ఏదో చెప్పింది. కేస్ షీట్‌లో "బీపీ పదేళ్లుగా" అని పడింది. నాకు బీపీ వచ్చి నాలుగేళ్లే. కంపెనీ ఆ ఒక్క లైన్ పట్టుకుని, పాలసీ తీసుకునేనాటికే బీపీ ఉంది, దాచారు అని క్లెయిమ్ తిరస్కరించింది. పైగా వాళ్లు లెక్కపెట్టింది 2021 నుంచి. మూడున్నరేళ్లే కదా, మారటోరియం వర్తించదు అన్నారు.

2017 నుంచి ఉన్న పాలసీ కాగితాలన్నీ నా దగ్గర ఒక ఫైల్లో ఉన్నాయి. బడిలో రిజిస్టర్లు రాసిన అలవాటు, ఒక్కటి పారేయలేదు. బీపీ ఎప్పుడు మొదలైందో నన్ను చూసే డాక్టరు లెటర్ ఇచ్చారు. అవి జతచేసి కంపెనీకి రాశాను. నెల రోజులు చూసినా సరైన జవాబు లేదు. అప్పుడు హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టాను. మన ఆంధ్రప్రదేశ్‌కి కూడా ఆ ఆఫీసే. రూపాయి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, విచారణ వీడియోలో కూడా జరుపుతారు. 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం వాళ్లకుంది. నోటీసు అందగానే, విచారణ రాకముందే కంపెనీ డబ్బు వేసేసింది.

అమ్మాయ్, 2019 నుంచి ఉన్న ప్రతి పాలసీ కాగితం తీసి పెట్టుకో.

మురళీనగర్ అమ్మాయి
25 నవంబర్ 2025, రాత్రి 10:30

మాస్టారూ, మాకు 2020 కాగితం కనిపించడం లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

ఎంవీపీ మాస్టారు
25 నవంబర్ 2025, రాత్రి 10:36

పాత కంపెనీకి మెయిల్ పెడితే కాపీ పంపుతారు. మారకముందే అడుగు. మారాక జవాబు ఆలస్యంగా వస్తుంది.

పరవాడ షిఫ్ట్
26 నవంబర్ 2025, ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. నాది పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. అమ్మానాన్న ఇద్దరూ కంపెనీ గ్రూప్ పాలసీలో నాలుగేళ్లుగా ఉన్నారు. మార్చిలో ఉద్యోగం మానేస్తున్నాను. ఈ నాలుగేళ్లు వేరే కంపెనీకి పట్టుకెళ్లొచ్చా?

గాజువాక ఏజెంట్
26 నవంబర్ 2025, ఉదయం 8:40

తమ్ముడూ, గ్రూప్ నుంచి నేరుగా వేరే కంపెనీకి వెళ్లడం కుదరదు. ముందు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారాలి. దాన్ని మైగ్రేషన్ అంటారు. నాలుగేళ్ల లెక్క అందులోకి వస్తుంది. తర్వాత రెన్యూవల్ వేళ కావాలంటే వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు. రాజీనామా ఇచ్చే ముందే హెచ్‌ఆర్‌ని అడిగి ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు, అమ్మానాన్నలు ఏ తేదీ నుంచి అందులో ఉన్నారో రాతలో తీసుకో. చివరి రోజు దాటాక అడిగితే గ్రూపులో పేరు తీసేసి ఉంటారు, అప్పుడు ఏం చేయాలన్నా కష్టం.

పరవాడ షిఫ్ట్
26 నవంబర్ 2025, ఉదయం 8:52

ఇవాళే హెచ్‌ఆర్‌కి రాస్తాను అన్నా.

మురళీనగర్ అమ్మాయి
27 నవంబర్ 2025, రాత్రి 11:20

రెండు కంపెనీలకి దరఖాస్తు పెట్టేశాం. ఫారం నింపడానికి మూడు గంటలు పట్టింది.

భోజనాల బల్ల మీద కూర్చుని నింపాం. నాన్న మందుల డబ్బా పాత బిస్కెట్ల డబ్బా, అందులోంచి ఒక్కో స్ట్రిప్ తీసి పేరు చదువుతుంటే నేను రాశాను. బీపీ మాత్ర దగ్గరకొచ్చేసరికి నాన్న స్ట్రిప్ అరచేతిలో మూసేశారు. "ఇది రాయకమ్మా, చిన్న మాత్ర. రాస్తే తీసుకోరు, మీ అమ్మ మోకాళ్లు ఆగిపోతాయి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన తన కోసం అడగడం లేదు. మాస్టారి కేస్ షీట్ సంగతి ఆయనకి చదివి వినిపించాను. మొత్తం విని, చెయ్యి తెరిచి ఇచ్చారు. బీపీ, హెర్నియా క్లెయిమ్, అమ్మ షుగర్, ఇన్సులిన్ లేదని, మోకాళ్ల ఎక్స్‌రే తేదీతో సహా అన్నీ రాశాం.

రామ్‌నగర్ డెస్క్
28 నవంబర్ 2025, ఉదయం 7:15

చాలా మంచి పని చేశారు. ఆసుపత్రి కాగితాల్లో ఎలాగూ అన్నీ ఉంటాయి. మీ నాన్నగారి ఆగస్టు డిశ్చార్జి సమ్మరీలోనే బీపీ అని రాసి ఉంటుంది, ఆ కాగితం పాత కంపెనీ దగ్గర ఉంది. క్లెయిమ్ వివరాలు కొత్త కంపెనీ అడిగితే పాత కంపెనీ 72 గంటల్లో ఇవ్వాలి. అవి అందాక 5 రోజుల్లో కొత్త కంపెనీ అవునో కాదో చెప్పాలి. 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్‌లో ఈ గడువులున్నాయి. టెలిఫోన్‌లో వాళ్ల డాక్టరు మాట్లాడతారు. అమ్మగారి పక్కన మీరుండండి. పెద్దవాళ్లు మొహమాటంతో "ఏం లేదు బాబూ, బాగానే ఉన్నాను" అనేస్తారు, అది రికార్డు అవుతుంది.

సీతమ్మధార గృహిణి
28 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:05

మా అత్తగారికి 74. ఆవిడకి ప్రైవేటు పాలసీ ఎవరూ ఇవ్వడం లేదు. ఏదైనా దారుందా?

ఎంవీపీ మాస్టారు
28 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:30

70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉందమ్మా, 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షలు. ఆధార్ ఉంటే చాలు. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు 70 దాటినవాళ్లుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. తెల్ల రేషన్ కార్డుంటే రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ కూడా చూసుకోండి.

మురళీనగర్ అమ్మాయి
9 డిసెంబర్ 2025, రాత్రి 9:10

ఒక కంపెనీ వద్దంది. కారణం ఒక్క లైన్: మా అండర్‌రైటింగ్ నిబంధనలకు సరిపోలేదు. రెండో కంపెనీ టెస్టులకి పంపింది. ద్వారకానగర్‌లో ల్యాబ్‌లో ఇద్దరికీ ఈసీజీ, రక్తం, మూత్రం అయ్యాయి. అమ్మ మూడు నెలల షుగర్ సగటు 7.4 వచ్చింది. డాక్టరు ఫోన్ చేసినప్పుడు పక్కనే కూర్చున్నాను. డెస్క్ అక్క చెప్పినట్టే అమ్మ "ఏం లేదండీ" అనబోయింది, నేను చెయ్యి పట్టుకోగానే మోకాళ్ల గురించి చెప్పింది.

ఇంకో మంచి వార్త. ల్యాబ్ మీద కోసిన 2,700 పాత కంపెనీ వెనక్కి వేసింది.

అక్కయ్యపాలెం
9 డిసెంబర్ 2025, రాత్రి 9:35

రెండో కంపెనీ వద్దన్నా పాతవాళ్లు క్లెయిమ్ చేశారని రెన్యూవల్ ఆపలేరు. ధైర్యంగా ఉండండి. పాత కంపెనీలోనే గది అద్దె పరిమితి లేని వేరే పాలసీకి మారడానికి కూడా వీలుంటుంది, అదీ మైగ్రేషనే. అడిగి చూడండి.

మురళీనగర్ అమ్మాయి
16 డిసెంబర్ 2025, సాయంత్రం 6:55

ఒప్పుకున్నారు! 10 లక్షలు, గది అద్దె పరిమితి లేదు, కో-పే (బిల్లులో మనం పెట్టుకోవాల్సిన వాటా) లేదు. ప్రీమియం మీద 15 శాతం లోడింగ్, అంటే అదనపు ప్రీమియం, వేశారు, మా సమ్మతి అడిగారు. నాన్న కాస్త ఎక్కువే అన్నారు. ఆగస్టులో కట్టిన 48,000 ముందు పెట్టి లెక్క వేసి చూపించాను. పైగా సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు, ఇదివరకు 18 శాతం కట్టేవాళ్లం. ఆ తేడా లోడింగ్‌ని చాలావరకు సర్దేసింది.

పాత మొత్తం 5 లక్షలు, బోనస్ లక్ష, కలిపి 6 లక్షలకి వెయిటింగ్ పూర్తయినట్టే అని మెయిల్‌లో రాయించుకున్నాను.

గాజువాక ఏజెంట్
16 డిసెంబర్ 2025, రాత్రి 7:40

చాలా సంతోషం అమ్మా. కొత్త పాలసీ జనవరి 18 నుంచే మొదలయ్యేలా చూసుకోండి, ఒక్క రోజు ఖాళీ రాకూడదు. మారటోరియం మూడు ముక్కలుగా ఉంటుంది మీకు: మొదటి 3 లక్షలకి 2024లోనే అయిపోయింది, 2022లో పెంచిన 2 లక్షలకి 2027 జనవరికి, ఇప్పుడు పెంచిన 4 లక్షలకి 2031 జనవరికి. రాసి పెట్టుకోండి. పాలసీ రాగానే మొదట చూడాల్సింది ఒక్క గడి, మొదటి పాలసీ ప్రారంభ తేదీ.

మురళీనగర్ అమ్మాయి
21 జనవరి 2026, రాత్రి 8:30

ఏజెంట్ గారూ, మీరు ఆ గడి చూడమనకపోతే నేను చూసేదాన్ని కాదు. పాలసీ వచ్చింది. నాన్న పేరు ఎదురుగా 18-01-2019 అని సరిగ్గానే ఉంది. అమ్మ పేరు ఎదురుగా 18-01-2026 అని పడింది! మోకాళ్లు అమ్మవే కదా, గుండె ఆగినంత పనైంది. మా దగ్గరున్న ఆరు పాలసీ కాగితాలూ, డిసెంబర్ మెయిల్ జతచేసి సవరణ అడుగుతూ రాశాను. ఎంత సమయం పడుతుందంటారు?

రామ్‌నగర్ డెస్క్
21 జనవరి 2026, రాత్రి 8:48

ఇది ఎక్కువగా జరుగుతుంది, కంగారు పడకండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. రెండు వారాల్లో ఎండార్స్‌మెంట్ (సవరణ పత్రం) రాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో పెట్టండి, లేదా 155255కి ఫోన్ చేయండి. ఆసుపత్రి అవసరం పడకముందే సరిచేయించుకోవాలి. క్యాష్‌లెస్ అడిగినప్పుడు వాళ్లు గంటలో నిర్ణయం చెప్పాలి, ఆ గంటలో స్క్రీన్ మీద ఉన్న తేదీనే చూస్తారు.

పెందుర్తి అన్నయ్య
21 జనవరి 2026, రాత్రి 9:15

చెల్లెమ్మా, ఈ పాలసీ ఇంత దూరం వచ్చినందుకు నాకు చాలా ఆనందంగా ఉంది. తేదీ సరయ్యాక చెప్పు.

మురళీనగర్ అమ్మాయి
30 జనవరి 2026, ఉదయం 10:05

ఎండార్స్‌మెంట్ వచ్చింది. అమ్మ పేరు ఎదురుగా 18-01-2019. రెండు ప్రింట్లు తీసి ఒకటి నాన్న ఫైల్లో, ఒకటి బీరువాలో పెట్టాం. 2020 కాపీ కూడా పాత కంపెనీ నుంచి వచ్చింది. వచ్చే బుధవారం అమ్మని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఇన్ని రోజులూ వాయిదా వేస్తూ వచ్చింది, నిన్న తనే అడిగింది ఎప్పుడు వెళ్దాం అని.

పరవాడ తమ్ముడూ, మీ హెచ్‌ఆర్ జవాబు ఇచ్చారా? మార్చి దగ్గరపడుతోంది.

పరవాడ షిఫ్ట్
30 జనవరి 2026, ఉదయం 11:40

ఇచ్చారు అక్కా. అమ్మానాన్నల పేర్లు 2021 డిసెంబర్ నుంచి ఉన్నాయని లెటర్ చేతికొచ్చింది. మైగ్రేషన్ ఫారం సోమవారం నింపుతున్నాను. నాన్నకి ఆస్తమా ఉంది, రాస్తున్నాను.